సంక్లిష్టత: ఒక భావన, పలు శాస్త్రాలు – కృష్ణా డెల్టా ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం, సామాజికశాస్త్రాలు, సాహిత్య విమర్శ – ఇవన్నీ ‘సంక్లిష్టత’ అనే మాటను వాడుతున్నాయి. కానీ అన్నిటా దాని అర్థం ఒకటి కాదు. తెలుగు పరిశోధనలో ఈ మాట తరచుగా ‘కష్టం’, ‘విస్తృతం’ అన్న అర్థాలకు బదులుగా వాడుకలో ఉంది. ఆ అర్థాలను వేరుచేయడానికి భారతీయ అలంకారశాస్త్రం ఇచ్చిన ఒక భేదాన్ని ఆధారంగా తీసుకుని, విజయవాడ – కృష్ణా డెల్టా జలవ్యవస్థను ఉదాహరణగా నిలిపి ఈ వ్యాసం సంక్లిష్టతా భావనను వివరిస్తుంది.

కీలక పదాలు: సంక్లిష్టత, క్లిష్టత, సంసృష్టి, సంకరం, కృష్ణా డెల్టా, బుడమేరు, కొల్లేరు.

1. మాట దగ్గరే మొదలయ్యే చిక్కు

పాత్ర సంక్లిష్టమైనది, కథనం సంక్లిష్టమైనది, సమకాలీన సమాజం సంక్లిష్టమైనది – ఇటువంటి వాక్యాలు లేని సిద్ధాంత గ్రంథం నేడు అరుదు. ఆ మాట తీసివేసి ‘కష్టమైనది’ అని పెడితే వాక్యం అర్థం మారదు. చాలాచోట్ల అసలు ఇబ్బంది ఇదే. మార్పు లేకుండా మరొక మాటకు చోటు ఇచ్చే మాట పారిభాషికపదం కాజాలదు.

పదవ్యుత్పత్తి కూడా కొంత దారి తప్పిస్తుంది. ‘క్లిశ్’ ధాతువుకు బాధపడు, బాధించు అని అర్థం. క్లేశం, క్లిష్టం అన్నవి దాని నుండి వచ్చినవే. పాశ్చాత్యభాషలలో ఈ భావనకు మూలమైన లాటిన్ పదం ‘కాంప్లెక్సుస్’కు బాధతో పనిలేదు. ఒకదానిలో ఒకటి అల్లుకున్నది, పెనవేసుకున్నది అని దాని అర్థం. దానికి దగ్గరగా వచ్చే సంస్కృత ధాతువు ‘శ్లిష్’. శ్లేష, ఆశ్లేషం, సంశ్లేషం ఆ కుటుంబంలోని మాటలు. అనువాదకులు ‘సంశ్లిష్టత’ అని ఉంటే భావం సూటిగా అందేది. ఒక్క హల్లు తేడాతో కౌగిలి కాస్తా క్లేశంగా మారింది. అయితే పాఠ్యపుస్తకాలలోనూ పత్రికలలోనూ ‘సంక్లిష్టత’ స్థిరపడిపోయింది కనుక దానిని మార్చబూనడం వృథాప్రయాస. అర్థాన్ని తేటపరచుకుంటే చాలు.

అందుకు కావలసిన సామగ్రి మన అలంకారశాస్త్రంలోనే ఉంది. అర్థం ఆలస్యంగా, ప్రయాసతో స్ఫురించే ప్రయోగాన్ని ఆలంకారికులు క్లిష్టత్వమనే దోషంగా లెక్కించారు. ఇది పాఠకుడికి కలిగే కష్టానికి సంబంధించిన సంగతి. ఒకే పద్యంలో రెండు మూడు అలంకారాలు కలిసినప్పుడు ఏర్పడే స్థితిని వారు వేరుగా చర్చించి, దానిని రెండు విధాలుగా విభజించారు. నువ్వులూ బియ్యమూ కలిసినట్లు, ఏది ఏదో గుర్తించి విడదీయడానికి వీలున్న కలయిక సంసృష్టి. దీనికి తిలతండుల న్యాయమని పేరు. పాలూ నీళ్లూ కలిసినట్లు, విడదీయడానికి వీలులేని కలయిక సంకరం. ఇది క్షీరనీర న్యాయం. సంసృష్టిలో ఒక అలంకారాన్ని తీసి చూసినా రెండవది యథాతథంగా ఉంటుంది. సంకరంలో ఒకటి మరొకదానికి అంగమై ఉంటుంది. మొదటిది పోతే రెండవదానికి నిలువ నీడ ఉండదు.

ఇరవయ్యవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు ‘చిక్కైనది’, ‘సంక్లిష్టమైనది’ అని వేరుచేసి చెప్పిన భేదం దాదాపు ఇదే. గడియారంలో ఎన్ని భాగాలున్నా విప్పి, తుడిచి, మళ్లీ బిగించవచ్చు. అది నువ్వులూ బియ్యమూ. చెరువును అలా విప్పి బిగించడం కుదరదు. ఆలంకారికులు ఆధునిక విజ్ఞానాన్ని ముందే కనిపెట్టారని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. అటువంటి వాదాలతో ఇప్పటికే చాలా కాగితం ఖర్చయింది. వారు పద్యాన్ని గురించి వేసిన ప్రశ్నే ఇతర విషయాలకూ పనికివస్తుందన్నంత వరకే ఈ పోలిక.

2. ఎక్కువగా ఉండటం వేరు, అల్లుకుని ఉండటం వేరు

సంఖ్య పెద్దదైతే సంక్లిష్టత పెరుగుతుందన్నది సాధారణమైన అపోహ. దీనిని తేటగీతితో పరీక్షించవచ్చు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు వస్తాయి. సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6. కాబట్టి ఒక పాదానికి వీలయ్యే గురులఘు విన్యాసాలు 288. నాలుగు పాదాలకు సుమారు 688 కోట్లు. ఇంత పెద్ద సంఖ్యను పుట్టించే నియమం మాత్రం ఒక్క వాక్యంలో ఇమిడిపోయింది.

1960ల మధ్యలో కొల్మొగొరోవ్, సొలొమొనోవ్, చైటిన్ వేర్వేరుగా ప్రతిపాదించిన కొలమానం సరిగ్గా ఈ సంగతినే పట్టుకుంటుంది. ఒక అక్షరమాలికను పూర్తిగా పునర్నిర్మించడానికి కావలసిన అతిచిన్న వర్ణన నిడివే దాని సంక్లిష్టత. ఈ లెక్కన తేటగీతి విన్యాసాలన్నిటి పట్టిక ఎంత పెద్దదైనా సరళమైనదే. ఇందులో ఒక విచిత్రం ఉంది: ఏ నియమానికీ లొంగని యాదృచ్ఛిక మాలికకు ఈ కొలతలో అత్యధిక సంక్లిష్టత దక్కుతుంది. కోతి టైపు కొట్టిన పేజీ మహాకవి పేజీ కంటే సంక్లిష్టమన్నమాట! సమాచారాన్ని కుదించే పనికి ఈ కొలత గొప్పగా ఉపకరిస్తుంది. కావ్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు దానిని యథాతథంగా తెచ్చుకోవడం పొరపాటు.

కంప్యూటర్ శాస్త్రంలో ఈ మాటకు మరొక అర్థం కూడా ఉంది. సమస్య పరిమాణం పెరిగేకొద్దీ దానిని సాధించడానికి కావలసిన కాలమూ జ్ఞాపకస్థలమూ ఏ తీరున పెరుగుతాయన్నది గణన సంక్లిష్టత. 2002లో ఐ.ఐ.టి. కాన్పూరుకు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధానసంఖ్య అవునో కాదో బహుపదీయ కాలంలో తేల్చవచ్చని నిరూపించారు. అక్కడ ‘సంక్లిష్టత తగ్గింది’ అంటే పనికి పట్టే కాలం పెరిగే తీరుకు ఒక హద్దు దొరికిందని అర్థం. ప్రధానసంఖ్యల స్వభావం మారిందని కాదు.

కొలిచేవారిని బట్టి కూడా కొలత మారుతుంది. ‘స్త్రీ’ అన్నది బడిపిల్లవాడికి ఒక అక్షరం. యూనికోడ్ లెక్కలో అది సకారం, విరామం, తకారం, విరామం, రేఫ, ఈకారగుర్తు – మొత్తం ఆరు సంకేతాలు. ఛందస్సుకు అది ఒక గురువు. ఒకటా, ఆరా, రెండు మాత్రలా అన్నదానికి ఎవరు ఏ పని కోసం అడుగుతున్నారన్నదే సమాధానం.

సాహిత్యానికి వస్తే, ‘వేయిపడగలు’ సంక్లిష్టమైన నవల అన్నది తరచుగా వినిపించే తీర్పు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ రాసిన ఆ నవల పెద్దది, పాత్రలు ఎక్కువ, ప్రస్తావనలు ఎక్కువ. వీటిలో ఏదీ ఆ తీర్పుకు ఆధారం కాజాలదు. సుబ్బన్నపేటలో గుడి, జమీందారీ, వ్యవసాయం, కుటుంబం దేనికది విడిగా క్షీణించవు. ఒక పడగ వాలితే మిగిలినవాటిపై బరువు మారుతుంది. ఒక అధ్యాయాన్ని విడిగా తీసి వ్యాఖ్యానిస్తే ఏమి పోతుందో చూపగలిగిన పరిశోధకుడికే దానిని సంక్లిష్టమనే అధికారం ఉంటుంది. అది చూపలేకపోతే ‘విస్తృతమైన నవల’ అనడమే నిజాయితీ.

3. వీవర్ విభజన, కృష్ణ నీటి లెక్క

1948లో అమెరికన్ గణితవేత్త వారెన్ వీవర్ విజ్ఞానశాస్త్రం ఎదుర్కొన్న సమస్యలను మూడు తరగతులుగా విభజించాడు. రెండు మూడు చలరాశులతో తేలిపోయే సరళ సమస్యలు మొదటివి. అసంఖ్యాకమైన చలరాశులున్నా సగటులతో, సంభావ్యతతో లొంగే ‘అవ్యవస్థిత సంక్లిష్టత’ రెండవది. మధ్యస్థమైన సంఖ్యలో చలరాశులుండి, అవన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకున్న ‘వ్యవస్థిత సంక్లిష్టత’ మూడవది. బిలియర్డు బల్లమీద రెండు బంతులుంటే యంత్రశాస్త్రం చాలు. లక్షల బంతులుంటే సగటులు చాలు. పది పదిహేను బంతులున్నప్పుడే అసలు కష్టం.

కృష్ణా డెల్టాలో ఈ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక కాలువలో ఎంత నీరు పారుతుందో చెప్పడం మొదటి తరగతి సమస్య. వాలు, కోత వైశాల్యం, గట్ల గరుకుదనం తెలిస్తే మ్యానింగ్ సూత్రం సమాధానం చెబుతుంది. ఇంజనీరింగ్ కళాశాల మూడవ సంవత్సరం విద్యార్థి కూడా ఆ లెక్క చేస్తాడు.

రెండవ తరగతికి కృష్ణా జలవివాదాల న్యాయస్థానం తీర్పు మంచి ఉదాహరణ. 1969లో ఏర్పడిన బచావత్ ట్రైబ్యునల్ విజయవాడ వద్ద 1894–95 నుండి 1971–72 వరకు గల 78 సంవత్సరాల ప్రవాహాల వరుసను ఆధారం చేసుకుంది. నూటికి 75 సంవత్సరాలలో కనీసం 2,060 టీఎంసీలు లభిస్తాయని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలుగా పంచింది. ఏ సంవత్సరం ఎందుకు ఎండిందో, ఏ సంవత్సరం ఎందుకు పొంగిందో తెలియనవసరం లేదు. సంవత్సరాలను కుప్పగా చూస్తే చాలు. పంపకానికి ఆ పద్ధతి సరిపోయింది. అయితే అందులో మౌనమైన ఊహ ఒకటి ఉంది – గతంలోని సంవత్సరాల వంటివే రాబోయే సంవత్సరాలని. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆల్మట్టి వంటి జలాశయాలు వచ్చాక విజయవాడకు చేరే నీరు వానను బట్టే కాక, ఎవరు ఎప్పుడు గేట్లు ఎత్తారన్నదానిని బట్టి కూడా ఉంటుంది. అక్కడి నుండి సమస్య మూడవ తరగతిలోకి జారిపోతుంది.

భౌతికశాస్త్రవేత్త పి.డబ్ల్యు. ఆండర్సన్ 1972లో రాసిన ప్రసిద్ధ వ్యాసం సారాంశం కూడా ఇక్కడ స్మరించదగినది: పరిమాణం పెరిగినప్పుడు, కింది అంచె నియమాలు చెడకుండానే పై అంచెలో కొత్త నియమాలు పుట్టుకొస్తాయి. కాలువ నియమాలు తెలిసినంత మాత్రాన డెల్టా తెలిసినట్లు కాదు.

4. విడిపోయినట్లు కనిపించేవి

1832–33 నాటి కరువు గుంటూరు మండలాన్ని తుడిచిపెట్టిన తరువాతనే కృష్ణపై ఆనకట్ట ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ నిర్వహణలో 1852–55 మధ్య విజయవాడ, సీతానగరం కొండల నడుమ ఆనకట్ట లేచింది. 1952 వరదలో దానికి గండిపడింది. దాని స్థానంలో 1954–57 మధ్య 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ నిర్మాణమైంది. బ్యారేజీ నుండి తూర్పు, పశ్చిమ ప్రధాన కాలువలు, తూర్పున వాటి నుండి ఏలూరు, రైవస్, బందరు కాలువలు, వాటి కింద బ్రాంచి కాలువలు, ఆ కింద పంట బోదెలు. పారే కాలువలకు జోడుగా మురుగు కాలువల వ్యవస్థ మరొకటి.

ఈ అమరికను అర్థం చేసుకోవడానికి హెర్బర్ట్ సైమన్ 1962లో సంక్లిష్టత నిర్మాణాన్ని గురించి రాసిన వ్యాసం ఉపకరిస్తుంది. ఆయన ఇద్దరు గడియారపు పనివాళ్ల కథ చెబుతాడు. ఒకడు వెయ్యి ముక్కలను ఏకబిగిన పేర్చుతాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే అంతా జారిపోతుంది. రెండవవాడు పదేసి ముక్కలను ఒక ఉపభాగంగా బిగించి, ఆ ఉపభాగాలను కలుపుతాడు. అంతరాయం వస్తే పోయేది కొంతే. నిలదొక్కుకునే వ్యవస్థలు అంచెలంచెలుగా ఉంటాయనీ, ఒక భాగం లోపలి సంబంధాలు బలంగా, భాగాల మధ్య సంబంధాలు బలహీనంగా ఉంటాయనీ సైమన్ ప్రతిపాదన. దీనిని ఆయన ‘దాదాపు విడదీయదగిన’ స్థితి అన్నాడు.

డెల్టా కాలువలు మామూలు రోజులలో అటువంటివే. బందరు కాలువ లాకుల దగ్గరి సమస్యను అక్కడి లస్కరు అక్కడే సర్దుతాడు. ఏలూరు కాలువకు దాని వాసన కూడా తగలదు. ఈ ‘దాదాపు’ అన్న మాటే కీలకం. నీరు తక్కువగా ఉన్నంతకాలం విడివిడిగా ఉన్నట్లు తోచే భాగాలు నీరు పెరిగినప్పుడు ఒకటైపోతాయి. అంటే సంక్లిష్టత ఒక వ్యవస్థకు శాశ్వతంగా అంటిపెట్టుకున్న లక్షణమేమీ కాదు. ఒకే వ్యవస్థ వేసవిలో సంసృష్టిగానూ వరదలో సంకరంగానూ ఉండగలదు. సైమన్ సిద్ధాంతాన్ని తెలుగు నేలకు అన్వయించేటప్పుడు చేర్చుకోవలసిన సవరణ ఇది.

5. సెప్టెంబరు 2024

బుడమేరు మైలవరం వైపు కొండలలో పుట్టి, విజయవాడను ఆనుకుని పారి కొల్లేరులో కలిసే వాగు. నగరాన్ని పదేపదే ముంచినందున దానికి ‘బెజవాడ దుఃఖదాయిని’ అన్న పేరు వచ్చింది. ఆ ముప్పు తగ్గించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుండి వరదను బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించే కాలువ తవ్వారు. కాగితం మీద ఇది నిర్దుష్టమైన పరిష్కారం. వాగు నీరు నదిలో పడుతుంది, నది సముద్రంలో పడుతుంది.

తరువాత ఆ మళ్లింపు మార్గానికి ఇతర బాధ్యతలు తోడయ్యాయి. పోలవరం కుడికాలువ నీరు కృష్ణను చేరడానికీ అదే దారి. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు డెల్టాకు వస్తున్నది ఆ మార్గంలోనే. థర్మల్ విద్యుత్కేంద్రం నీరూ అందులో కలుస్తుంది. ఒక్కొక్క నిర్ణయాన్ని విడిగా చూస్తే తప్పుపట్టడం కష్టం. ఉన్న కాలువను వాడుకోవడం పొదుపే కదా. కానీ అంతవరకు వేర్వేరుగా ఉన్న నాలుగు ప్రవాహాలకు ఒకే గొంతు ఏర్పడింది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో విజయవాడ పరిసరాలలో అతిభారీ వర్షం కురిసింది. అదే సమయంలో ఎగువ నుండి కృష్ణ పొంగి వచ్చింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ తట్టుకోగలిగేలా రూపొందించిన పరిమితి 11.9 లక్షలు. 2009 అక్టోబరు వరదను మించిన ప్రవాహమిది. నది మట్టం అంత ఎత్తున ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని నది తీసుకోలేదు. నీరు వెనక్కి ఎగదన్నింది. కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. కొట్టుకువచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొని కౌంటర్ వెయిట్లను దెబ్బతీయడం అదనపు విపత్తు.

ఈ ఘటనలో సంభావ్యతా దోషం ఒకటి దాగి ఉంది. పరిశోధన పద్ధతులు బోధించే అధ్యాపకులకు అది పాఠ్యాంశంగా పనికివస్తుంది. బుడమేరుకు పెద్ద వరద రావడం అరుదు, కృష్ణకు పెద్ద వరద రావడం అరుదు. రెండూ స్వతంత్ర ఘటనలైతే అవి ఒకేరోజు రావడం అరుదులో అరుదు – రెండు సంభావ్యతలను గుణిస్తే వచ్చే చిన్న సంఖ్య. కానీ వాగునూ నదినీ నింపేది చాలాసార్లు ఒకే వాయుగుండం. స్వతంత్రత అన్న ఊహ అక్కడే కూలిపోతుంది. గుణించే అర్హతే పోతుంది. పైగా మళ్లింపు కాలువ అవసరం ఎక్కువగా ఉండే రోజే దాని ముఖద్వారం మూసుకుపోయే రోజు కూడా. లెక్కలు తెలిసినవారికి ఇది తెలియని విషయం కాదు. వాగు లెక్క, నది లెక్క, ఎత్తిపోతల లెక్క వేర్వేరు దస్త్రాలలో ఉన్నప్పుడు వాటి మధ్య సంబంధానికి మాత్రం సొంత దస్త్రం ఉండదు.

6. కొల్లేరు: ఎవరి కొల్లేరు?

సింగ్ నగర్‌ను ముంచిన నీరు చివరకు చేరవలసినది కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదులుతుంది. 1999లో +5 కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2005–06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లను తొలగించారు. హద్దు +5 దగ్గర ఉండాలా, +3కు తగ్గాలా అన్న వివాదం తరువాత కూడా కొనసాగింది.

ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క కొల్లేరు కనిపిస్తుంది. జంతుశాస్త్రానికి అది ఆటపాక గూడబాతుల ఆవాసం. జలశాస్త్రానికి వరద అదుపు తొట్టి. అర్థశాస్త్రానికి చేపల ఉత్పత్తి కేంద్రం. న్యాయశాస్త్రానికి జిరాయితీ, ప్రభుత్వ భూముల సరిహద్దు వివాదం. సమాజశాస్త్రానికి లంక గ్రామాల వడ్డికులస్థుల జీవనాధారం. ప్రతి శాఖ సిద్ధాంత గ్రంథంలోనూ ‘కొల్లేరు సమస్య సంక్లిష్టమైనది’ అన్న వాక్యం చోటుచేసుకోగలదు. ఆ పైన చేసే పని మాత్రం సమస్యను తన పాలికి విడదీసుకోవడం. చెరువు గట్టు ఎత్తు చేపల పెంపకందారుకు పెట్టుబడి లెక్క. అదే ఎత్తు బుడమేరు నీరు నిలిచే కాలాన్ని, ఆ కాలం ఎగువ వరిచేల మురుగు తీసే వేగాన్ని, నీటి లోతు పక్షుల మేతను నిర్ణయిస్తాయి. ఇక్కడ చలరాశులు లక్షల్లో లేవు, పట్టుమని పది ఉన్నాయి. వీవర్ చెప్పిన మధ్యస్థమైన బల్ల ఇదే.

మనుషులను కూడా చలరాశులలో చేర్చవలసి ఉంటుంది. భౌతికశాస్త్రపు నమూనాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన ‘విలేజ్ రిపబ్లిక్స్’ ఆంధ్రప్రదేశ్ కాలువ గ్రామాలను అధ్యయనం చేసి, నీటి కొరత ఎక్కువగా ఉండే శివారు గ్రామాలలోనే ఉమ్మడి కట్టుబాట్లు బలంగా ఏర్పడ్డాయని గమనించింది. కాలువ చివర నీరు అందదన్న భయమే అక్కడ సంస్థను పుట్టించింది. నీటి మట్టం మనుషుల నడతను మారుస్తుంది. ఆ నడత తిరిగి నీటి మట్టాన్ని మారుస్తుంది. గాలికి, వానకు తమను గురించి వేసిన అంచనా తెలియదు. రైతుకు తెలుస్తుంది, తెలిసి నాట్ల తేదీ మార్చుకుంటాడు.

అందువల్ల కొల్లేరుపై పరిశోధన చేయబోయే విద్యార్థికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఎన్ని శాస్త్రాలను కలపాలన్నది కాదు. అన్ని శాస్త్రాలనూ ఒక గ్రంథంలో పక్కపక్కన అధ్యాయాలుగా పేర్చడం మళ్లీ నువ్వులూ బియ్యమే. తన శాస్త్రం నుండి తీసిన ఏ కొలత వేరొక శాస్త్రపు కొలతను కదిలిస్తుందో అటువంటి ఒక్క ముడిని ఎంచుకుంటే చాలు. ఉదాహరణకు ఉప్పుటేరు. సరస్సు నుండి సముద్రానికి సుమారు 60 కిలోమీటర్ల ఆ దారిలో పూడిక పెరిగితే కొల్లేరు వరద ఆలస్యంగా తీస్తుంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోతే సముద్రపు పోటు నీరు అదే దారిన పైకి వస్తుంది. వరదకు పూడిక తీయాలి. ఉప్పునీటికి అడ్డుకట్ట వేయాలి. రెండు పనులూ చేయవలసినది ఒకే ఏటి మీద, ఒకే సంవత్సరంలో, వేర్వేరు నెలలలో.